పెద్దబడికి అప్పగింతలు

భవానీపూర్ వీధులు జనవరి మొదటి వారములో ఒక ప్రత్యేకమైన సందడితో మేల్కొనును. ఆశుతోష్ ముఖర్జీ రోడ్డు మీదను, హరీశ్ ముఖర్జీ రోడ్డు మీదను బాలబాలికలు క్రొత్త పుస్తకముల సంచులతో పాఠశాలలకు బయలుదేరుదురు. తెలుగు రాష్ట్రములలో విద్యాసంవత్సరము జూన్ నెలలో ఆరంభమగును గాని, పశ్చిమ బెంగాలు రాష్ట్ర పాఠశాలలలో అది జనవరిలోనే ఆరంభమగును. ఆ గుంపులో పదేండ్ల పిల్లలను గుర్తించుట కష్టము కాదు. వారి సంచి వీపుకంటె వెడల్పు. వారి నడక తోడివారి నడకకంటె నెమ్మది. నిన్నటివరకు వారు చిన్నబడిలో అందరికంటె పెద్దవారు. నేటినుండి పెద్దబడిలో అందరికంటె చిన్నవారు.

ఈ మార్పును పెద్దలు సాధారణముగా తరగతి మార్పుగా మాత్రమే లెక్కింతురు. బదిలీ పత్రము తెచ్చుట, ఫీజు చెల్లించుట, దుస్తులు కుట్టించుట పూర్తియైనచో తమ కర్తవ్యము ముగిసినదని తలంతురు. తెలుగువారి యిండ్లలో ఆడపిల్లను అత్తవారింటికి పంపునపుడు అప్పగింతలు అను ఆచారము కలదు. తల్లిదండ్రులు కూతురి చేతిని క్రొత్త బంధువుల చేతులలో నుంచి, పిల్ల స్వభావమిది, దీనికి తెలిసినది ఇంత, తెలియనిది ఇంత, కడుపులో పెట్టుకొని చూచుకొనుడని వేడుకొందురు. పదేండ్ల పిల్లను పెద్దబడికి పంపునపుడు ఇట్టి అప్పగింత ఏదియు జరుగుట లేదు. ఒక కాగితము మాత్రము ఒక కార్యాలయమునుండి మరియొక కార్యాలయమునకు పోవుచున్నది. పిల్లను గూర్చి ఇన్నేండ్లుగా తెలిసికొన్నదంతయు పాతబడి గుమ్మము వద్దనే నిలిచిపోవుచున్నది. ఈ లోపమును సరిదిద్దుటయే పిల్లలను పెద్దబడికి సిద్ధపరచుటలో మొదటి పని. తక్కిన సన్నాహములన్నియు దాని తరువాతివే.

మారునది తరగతి మాత్రము కాదు

2009 నాటి బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 1 నుండి 5 వరకు గల తరగతులను ఒక భాగముగను, 6 నుండి 8 వరకు గల తరగతులను మరియొక భాగముగను పరిగణించినది. పశ్చిమ బెంగాలులో మాత్రము చిరకాలము ప్రాథమిక విద్య 4వ తరగతితో ముగిసి, బాలలు 5వ తరగతికే ఉన్నత పాఠశాలలలో చేరుచు వచ్చిరి. 2020 నుండి అనేక ప్రాథమిక పాఠశాలలలో 5వ తరగతిని కూడ చేర్చుట మొదలైనది. కావున ఒకే వీధిలోని ఇద్దరు పిల్లలలో ఒకరు పదవయేట, మరియొకరు పదునొకండవయేట బడి మారుట సంభవించును. కేంద్ర విద్యామండలి పద్ధతి ననుసరించు పెద్ద పాఠశాలలలో భవనము మారకపోవచ్చును. భవనము మారకున్నను ఉపాధ్యాయులు మారుదురు. అసలు మార్పు అదియే.

చిన్నబడిలో చాలవరకు ఒకే ఉపాధ్యాయురాలు మొదటి గంటనుండి చివరి గంటవరకు పిల్లల యెదుట నుండును. ఏ పిల్ల ఆనాడు తినకుండ వచ్చినదో, ఎవరికి నల్లబల్ల సరిగా కనబడుట లేదో, ఎవరు తప్పు చెప్పుదుమను భయముచేత నోరు విప్పరో ఆమెకు ఒకరు చెప్పకయే తెలియును. పెద్దబడిలో గణితమునకు ఒకరు, విజ్ఞానశాస్త్రమునకు ఒకరు, బెంగాలీకి ఒకరు, ఆంగ్లమునకు ఒకరు వత్తురు. ప్రతియొకరును తమ పాఠము చెప్పి వేరొక తరగతికి వెడలిపోవుదురు. ప్రతి పాఠమును చక్కగా ఎరిగినవారు ఉందురు. పిల్లను పూర్తిగా ఎరిగినవారు మాత్రము ఒక్కరును ఉండరు.

దినచర్యయు మారును. కోల్‌కతాలోని అనేక పాఠశాలలలో ప్రాథమిక విభాగము ఉదయపు పూటను, ఉన్నత విభాగము పగటి పూటను నడచును. అట్టి బడిలో పిల్ల నిద్రలేచు వేళ, అన్నము తిను వేళ, ఆడుకొను వేళ ఒక్కనాటితో తలక్రిందులగును. ఇదే సమయమున శరీరములోను మార్పులు ఆరంభమగును. కొందరు బాలికలకు పది పదునొకండేండ్లకే ఋతుక్రమము మొదలగును. ఇన్ని మార్పులు ఒకదానిపై నొకటి వచ్చిపడుట పెద్దలకే దుర్భరము. పదేండ్ల పిల్లకు అది ఎంత బరువో ఊహింపవచ్చును.

ఇది కేవలము ఊహ కాదు. అమెరికాలో రాబర్టా సిమన్స్, డేల్ బ్లైత్ అను శాస్త్రజ్ఞులు ఒకే బడిలో కొనసాగిన పిల్లలను, నడుమ బడి మారిన పిల్లలను పోల్చి చూచి 1987లో ఒక గ్రంథము ప్రకటించిరి. శరీరములోని మార్పులు, బడి మార్పు, ఇంటి మార్పు ఒకేసారి మీదపడిన పిల్లలు ఎక్కువగా క్రుంగిపోవుదురనియు, బాలికలయందు ఆత్మవిశ్వాసము తగ్గుట మరింత స్పష్టముగా కనబడెననియు వారు చూపిరి. 1993లో జాక్విలిన్ ఎకల్స్, ఆమె సహచరులు ఇంకొక సంగతి చెప్పిరి: ఈ వయస్సున పిల్లలకు ఇంటి వెలుపల తమను ఎరిగిన ఒక పెద్ద దిక్కు అధికముగా కావలసియుండును, పెద్దబడి ఏర్పాటు సరిగా అప్పుడే ఆ దిక్కును తొలగించుచున్నది. దోషము పిల్లలయందు లేదు. పిల్లల అవసరమునకును, బడి అమరికకును పొత్తు కుదరకపోవుటయందు కలదు. సముద్రమునకు ఆవల వ్రాయబడిన ఈ మాటలు భవానీపూర్ గుమ్మములకును వర్తించును.

మార్కుల సన్నాహము

మరి పెద్దలు చేయుచున్న సన్నాహమేమి? వార్షిక పరీక్షలు ముగిసిన మరునాటినుండియే పిల్లను ట్యూషనుకు పంపుట, రాబోవు తరగతి పాఠములను ముందుగా వల్లె వేయించుట, ఫలానా వారి పిల్లకు వచ్చిన మార్కులను దినమునకు పదిసార్లు జ్ఞాపకము చేయుట. దీనినే వారు సిద్ధపరచుట యందురు. భిన్నములు ముందుగా నేర్చిన పిల్ల మొదటి వారము గణితములో తలయెత్తుకొని కూర్చుండవచ్చును. కాని మరుగుదొడ్డి ఎక్కడ నున్నదో అడుగుటకు సిగ్గుపడి, దినమంతయు నీరు త్రాగక కూర్చున్న పిల్లకు ఆ భిన్నములు ఏమి మేలు చేయును? ఒక గంట ముగియగానే ఏ పుస్తకము తీయవలెనో తెలియక తికమకపడు పిల్లకు కావలసినది రెండవ ట్యూషను కాదు; కాలపట్టిక చదువుట నేర్పు ఒక మనిషి.

తొలి పరీక్షలలో మార్కులు కొంత తగ్గుటయు అరుదు కాదు. అప్పుడు ఇంటిలో నిందలు మొదలైనచో పిల్లకు రెండు బడులు ఒకేసారి పరాయివగును: పాతది వెనుకబడినది, క్రొత్తది అక్కున చేర్చుకొనలేదు. మిగిలినది ఇల్లు ఒక్కటే. ఆ ఇల్లు కూడ మూడవ పరీక్షాశాల కారాదు.

అప్పగింపవలసినదేమి

చట్టము కొంత పని చేసినది. ఒక పాఠశాలనుండి మరియొక పాఠశాలకు మారు పిల్లకు ప్రధానోపాధ్యాయుడు వెంటనే బదిలీ పత్రము ఇయ్యవలెనని 2009 చట్టము విధించినది. ఆ పత్రము ఆలస్యమైనదను కారణముచేత పిల్లను చేర్చుకొనుట మానరాదు. ప్రవేశమునకై పిల్లలను పరీక్షించి ఏరుట నిషిద్ధము. కొట్టుటయు, మనస్సు నొప్పించుటయు నిషిద్ధము. తల్లిదండ్రులు ఈ హక్కులను ఎరిగియుండవలెను. అయినను చట్టము కాగితమును కదలింపగలదు గాని, కాగితముచేత మాటలాడింపజాలదు. బదిలీ పత్రములో పుట్టిన తేది యుండును. ఆ పిల్లకు ఉబ్బసము కలదని యుండదు.

కావున ప్రతి పిల్లతోను ఒక్క పుట ఉత్తరము పాతబడినుండి క్రొత్తబడికి పోవలెను. అందు మార్కులు అక్కరలేదు. నాలుగు సంగతులు చాలును: ఈ పిల్ల ఏమి బాగుగా చేయును, ఎక్కడ సాయము కావలెను, ఆరోగ్య విషయమున ఏమి గమనింపవలెను, భయము కలిగినపుడు ఏమి చేసినచో ఊరట పొందును. ఉత్తరము తప్పుల జాబితా కారాదు. అల్లరివాడు, మొద్దు, అబద్ధములాడును అను ముద్రలు క్రొత్తబడికి పోరాదు. క్రొత్తబడి పిల్లకు క్రొత్త పుట కావలెను. ఉత్తరములో ఏమి వ్రాసినదియు పిల్లకు చదివి వినిపింపవలెను. చివర పిల్ల తన సొంతముగా ఒక వాక్యము చేర్చినచో మరియు మంచిది.

ఆరోగ్య విషయమున ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. మూర్ఛ వ్యాధి గల పిల్లల తల్లిదండ్రులలో అనేకులు, ముఖ్యముగా ఆడపిల్లల తల్లిదండ్రులు, రేపటి పెండ్లిని తలచుకొని ఆ సంగతిని క్రొత్తబడిలో దాచుదురు. చిన్నబడి ఉపాధ్యాయురాలికి తెలిసియుండును. పెద్దబడిలో ఎవరికిని తెలియదు. పిల్ల తరగతిలో పడిపోయిన నాడు చుట్టునున్నవారు బెదరి, చేతిలో తాళపుచెవులు పెట్టుదురు, పండ్లు గిట్టకరచినచో నోటిలో చెంచా దూర్చుదురు. ఇవి రెండును కూడని పనులు. రెండవది అపాయకరము కూడ. పిల్లను ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, తల క్రింద మెత్తనిది ఉంచి, గట్టిగా అదిమి పట్టక, ఎంతసేపు సాగినదో గడియారము చూచుచుండవలెను. 5 నిమిషములు మించినచో వెంటనే వైద్యశాలకు తరలింపవలెను. ఈ నాలుగు వాక్యములు ముందుగా ఎరిగిన ఉపాధ్యాయుడు ఒక ప్రాణమును కాపాడగలడు. దాచినందువలన పెండ్లి నిశ్చయముగా జరుగునని ఎవరును చెప్పలేరు. చెప్పినందువలన పిల్ల క్షేమముగా నుండునని చెప్పవచ్చును.

ఉబ్బసము, మధుమేహము, వినికిడి లోపము, ఫలానా ఆహారముగాని మందుగాని పడకపోవుట మొదలగు వానిని గూర్చియు ఇట్లే తెలుపవలెను. కన్నులను పరీక్ష చేయించుట ముఖ్యము. ఈ వయస్సుననే అనేకులకు దూరపుచూపు మందగించును. పిల్ల ఆ సంగతి తానుగా గ్రహింపలేదు. నల్లబల్ల అందరికి అట్లే కనబడునని తలచును. పెద్ద తరగతిలో వెనుక వరుసలో కూర్చున్న పిల్ల నోటు పుస్తకములో తప్పులు పెరిగినచో, మందలించుటకు ముందు కంటి వైద్యునికి చూపవలెను. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు ప్రభుత్వ పాఠశాలలకు, ప్రభుత్వ సాయము పొందు పాఠశాలలకు వచ్చి పిల్లలను పరీక్షింతురు. ఆ పరీక్షలో ఏమి తేలినదో అడిగి తెలిసికొని, ఆ కాగితమును క్రొత్తబడికి తీసికొనిపోవుట తల్లిదండ్రుల పని.

పదేండ్ల వయస్సు ఆరోగ్య వ్యవస్థ లెక్కలోను ఒక గుమ్మమే. ధనుర్వాతము, కంఠసర్పి రాకుండుటకై ఇచ్చు టి.డి. టీకా 10వ యేట ఒకసారి, 16వ యేట ఒకసారి వేయవలెను. రక్తహీనత నివారణకై వారమునకొకసారి ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లముల మాత్ర 5 నుండి 9 ఏండ్ల పిల్లలకు గులాబి రంగుది. 10 ఏండ్లు నిండినవారికి నీలి రంగుది. రంగు మారుటతో మోతాదును మారును. బడి మారిన పిల్ల ఏ పట్టికలోను చేరక మాత్రయే అందకపోవుట జరుగరాదు. 2016-18 సంవత్సరములలో జరిగిన దేశవ్యాప్త సమగ్ర పోషకాహార సర్వే ప్రకారము 10 నుండి 19 ఏండ్ల వయస్సు గల బాలికలలో నూటికి 40 మందికి, బాలురలో నూటికి 18 మందికి రక్తహీనత కలదు. మధ్యాహ్న భోజన పథకము ప్రాథమిక తరగతుల పిల్లకు పూటకు 450 కెలోరీల శక్తిని, 12 గ్రాముల మాంసకృత్తులను నిర్ణయింపగా, 6 నుండి 8 తరగతుల పిల్లకు 700 కెలోరీలను, 20 గ్రాముల మాంసకృత్తులను నిర్ణయించినది. ప్రభుత్వమే పళ్లెమును పెద్దది చేసినపుడు, ఇంటిలో పాత కొలతయే వడ్డించుట తగదు. 6 నుండి 12 ఏండ్ల పిల్లలకు దినమునకు 9 నుండి 12 గంటల నిద్ర కావలెనని నిద్రా వైద్య నిపుణులు నిర్ణయించిరి. రాత్రి పదునొకండు గంటలవరకు ట్యూషను పాఠములు వ్రాయించు ఇంట ఈ లెక్క ఎన్నటికిని కుదరదు.

పదేండ్ల దుబాసి

భవానీపూర్‌లోని తెలుగు కుటుంబమునకు ఇంకొక చిక్కు కలదు. ఈ పేట ఎన్నో భాషలవారికి నీడ యిచ్చినది. గుజరాతీలు, పంజాబీలు, దక్షిణాదివారు ఇచ్చట తరతరములుగా కాపురముండిరి. కలకత్తా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడుగా ప్రసిద్ధుడైన ఆశుతోష్ ముఖర్జీ ఈ భవానీపూర్ వాసియే. ఆయన కాలముననే 1921లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్ర పీఠమును అలంకరించెను. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు మంత్రివర్గము తెలుగునకు అధికార భాషా ప్రతిపత్తి ఇయ్య నిర్ణయించినది. ఇవి గౌరవప్రదమైన సంగతులు. కాని బడినుండి వచ్చిన బెంగాలీ ప్రకటనను చదువలేని తెలుగు తల్లికి ఈ గౌరవము సాయంకాలము ఆరు గంటలకు అక్కరకు రాదు.

అట్టి యిండ్లలో పిల్లయే దుబాసి యగును. ప్రకటన చదివి చెప్పునది పిల్ల. దరఖాస్తు నింపునది పిల్ల. ఉపాధ్యాయునికిని తల్లికిని నడుమ నిలిచి మాట మార్చి చెప్పునది పిల్ల. చూచువారికి ముచ్చటగా నుండును. కాని మాట మార్చువానికి బరువు తెలియును. తనపై వచ్చిన ఫిర్యాదును తానే తల్లికి తెలుగులో చెప్పవలసివచ్చిన పిల్ల స్థితి ఎట్టిది? తోడి పిల్లలు తనను ఏడిపించుచున్నారని తల్లి పక్షమున తానే ఉపాధ్యాయునికి చెప్పవలెనా? భయపడి కొంత మ్రింగును; కొంత మార్చును. తల్లి ఒకటి వినును, ఉపాధ్యాయుడు మరియొకటి వినును. మోసగించుట పిల్ల ఉద్దేశము కాదు. మోయరాని పని మోపుటవలన అట్లగును.

కావున తల్లిదండ్రుల సమావేశమునకు పోవునపుడు బెంగాలీ తెలిసిన పెద్దవారి నొకరిని, పొరుగింటి మాసీనైనను, ఆఫీసు మిత్రునైనను వెంటబెట్టుకొని పోవలెను. చిరకాలముగా కోల్‌కతాలో స్థిరపడిన తెలుగువారు క్రొత్తగా వచ్చినవారికి ఈ సాయము చేయుట ఉత్సవములు జరుపుటకంటె తక్కువ సేవ కాదు. ఉద్యోగపు బదిలీలపై జూన్ తరువాత వచ్చిన కుటుంబముల పిల్లలు సగము సంవత్సరము గడచిన తరగతిలో చేరుదురు. అట్టివారికి ఈ తోడు మరింత అవసరము.

ఇంటిలో తెలుగు మానివేసినచో పిల్లకు బెంగాలీయో ఆంగ్లమో త్వరగా వచ్చునని కొందరు నమ్ముదురు. ఇది పొరపాటు. పిల్ల దినమెల్ల పరభాషలో మెలగి ఇంటికి వచ్చినపుడు, దుఃఖమును దాపరికము లేక చెప్పుకొనుటకు ఒక భాష కావలెను. అది తల్లిభాష. ఆ ద్వారము మూసినచో పిల్లకు మాటలు తరుగును గాని బాధలు తరుగవు.

పూజా సెలవులనుండి సరస్వతీ పూజ వరకు

ఇంటిలో చేయవలసిన సన్నాహమునకు ధనము అక్కరలేదు, వ్యవధి కావలెను. పనులను ఒక్కొక్కటిగా పిల్ల చేతికి విడిచిపెట్టవలెను. బెంగాలులో దుర్గాపూజ సెలవులు దీర్ఘమైనవి. ఆ దినములలో తానుగా నిద్రలేచుట, తన సంచి తాను సర్దుకొనుట అలవాటు చేయవచ్చును. సంచి బరువు పిల్ల బరువులో పదవ వంతు మించరాదని 2020 నాటి పాఠశాలల సంచీ విధానము చెప్పుచున్నది. 30 కిలోల పిల్లకు 3 కిలోలు. సంచి తాను సర్దుకొన్న పిల్లయే అక్కరలేని పుస్తకమును గుర్తించును.

పరీక్షలు ముగిసిన తరువాత బాటను చూపవలెను. హాజ్రా కూడలి వంటి చోట్ల వీధి దాటుట మాటలతో వచ్చు విద్య కాదు. మొదటి నాడు తండ్రి ముందు నడువవలెను. మరునాడు పిల్ల ముందు నడువవలెను, తండ్రి నాలుగడుగులు వెనుక. దేశములో తొలి మెట్రో రైలు 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడు, భవానీపూర్‌ల నడుమనే నడచినది. నాటి భవానీపూర్ స్టేషను నేడు నేతాజీ భవన్. మెట్రోలో పోవు పిల్లకు ఎక్కు స్టేషను, దిగు స్టేషను మాత్రమే గాక, పొరపాటున దాటిపోయినచో ఏమి చేయవలెనో, ఎవరిని అడుగవలెనో చెప్పియుంచవలెను. ఇంటి ఫోను సంఖ్య కంఠస్థము కావలెను.

బాలికలకు ఋతుక్రమమును గూర్చి తల్లి ముందుగా చెప్పవలెను. మొదటిసారి బడిలోనే సంభవించినచో ఎవరితో చెప్పవలెనో తెలియని పిల్ల తనకు గాయమైనదని భయపడును. ఒక చిన్న సంచిలో కావలసినవి పెట్టియిచ్చి, ఇది రోగము కాదు, తప్పు కాదు అని నెమ్మదిగా చెప్పుటకు పావుగంట చాలును. బాలురకును ఈ సంగతి తెలియుట మంచిది. తెలియనివారే ఎగతాళి చేయుదురు.

బడి తెరచిన తరువాత పెద్దల పని వినుట. ఈ దినము ఏమి చెప్పిరి, ఎన్ని మార్కులు వచ్చినవి అను ప్రశ్నలకు ముందు, ఎవరి ప్రక్కన కూర్చుంటివి, అన్నము ఎవరితో తింటివి అని అడుగవలెను. జనవరి చివరనో, ఫిబ్రవరిలోనో సరస్వతీ పూజ వచ్చును. ఆనాడు బెంగాలు పిల్లలందరు బడిలో కలసి పూజ చేసికొని ప్రసాదము పంచుకొందురు. ఆ పండుగ నాటికి పిల్ల నోట ఒక స్నేహితుని పేరును, ఒక ఉపాధ్యాయుని పేరును వినబడవలెను. వినబడినచో నిశ్చింతగా నుండవచ్చును. వినబడనిచో తల్లిదండ్రులు తామే బడికి పోయి విచారింపవలెను. తెలుగు రాష్ట్రములలో జూన్‌లో బడి చేరిన పిల్లకు శ్రావణమాసమును ఇట్టి గడువుగా పెట్టుకొనవచ్చును.

బడికి పోవు వేళకే కడుపునొప్పి, తలనొప్పి వచ్చుట, తిండి డబ్బా నిండుగా తిరిగివచ్చుట, రాత్రి ఉలికిపడి లేచుట, మానిన పక్క తడుపుట మరల మొదలగుట, ఇవి నటనలు కావు. రెండు వారములు మించి సాగినచో వైద్యునికి చూపవలెను. భవానీపూర్ వారికి ఎస్.ఎస్.కె.ఎం. వైద్యశాల సమీపముననే యున్నది. ఆ ప్రాంతముననే మానసిక వైద్య సంస్థయు కలదు. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి పలు భారతీయ భాషలలో ఉచితముగా సలహా పొందవచ్చును. ఎవరైనను పిల్లను హింసించుచున్నచో 1098 సంఖ్యకు తెలుపవచ్చును.

నాటివారు ఒంటరివారా?

ఇదంతయు గారాబమనియు, నాటి పిల్లలు ఎవరి సాయమును లేకనే చదువుకొనిరనియు వాదించు పెద్దలు కలరు. వారి మాటలో కొంత నిజము లేకపోలేదు. ప్రతి చిక్కును పెద్దలే విప్పినచో పిల్ల చేతులు బలపడవు. కాని నాటివారు ఒంటరిగా నడచిరనుట నిజము కాదు. భవానీపూర్‌లోనే పెరిగిన ఆశుతోష్ ముఖర్జీ చదువును వైద్యుడైన ఆయన తండ్రి గంగాప్రసాద్ స్వయముగా కనిపెట్టి చూచుచుండెను. బాల్యముననే తండ్రిని కోల్పోయి, తల్లితో భవానీపూర్‌లోని మేనమామ యింటికి వచ్చిన సత్యజిత్ రాయ్, మొదట తల్లి వద్దనే చదువుకొని ఆ తరువాతనే బాలీగంజ్ ప్రభుత్వోన్నత పాఠశాలలో చేరెను. ఇద్దరి వెనుకను ఒక మనిషి కలరు. అట్టి మనిషి లేనివారు నడుమనే బడి మానిరి. వారి పేర్లు ఎవరికిని తెలియవు. నెగ్గినవారిని మాత్రమే చూచి బాట సుగమమని చెప్పుట న్యాయము కాదు.

పెద్దబడి చేయవలసినది కొంత కలదు. 5వ తరగతిలోనైనను, 6వ తరగతిలోనైనను క్రొత్తగా చేరిన ప్రతి పిల్లకు, పాఠములతో నిమిత్తము లేక, ఒక ఉపాధ్యాయుని దిక్కుగా నియమింపవలెను. వారమునకొకసారి పది నిమిషములు ఆ ఉపాధ్యాయుడు పిల్లలతో మాటలాడిన చాలును. 2020లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమము ప్రతి ప్రభుత్వ పాఠశాలలో ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా ఎన్నుకొని శిక్షణ ఇయ్య నుద్దేశించినది. పాతబడి ఉత్తరమును అందుకొని చదువుటకు వీరికంటె తగినవారు లేరు. క్రొత్త చట్టము గాని, క్రొత్త భవనము గాని ఇందుకు అక్కరలేదు. పాతబడి ఉపాధ్యాయురాలు ఒక పుట వ్రాయవలెను. క్రొత్తబడి ఉపాధ్యాయుడు దానిని చదువవలెను. తల్లిదండ్రులు దానిని చేతికి చేయి అందింపవలెను.

అప్పగింతలలో పెద్దలు కన్నీరు పెట్టుకొందురు గాని, పిల్లను ఎరిగినవారి చేతినుండి ఎరుగబోవు వారి చేతికి విడిచితిమను ఊరట వారికి కలుగును. పెద్దబడి గుమ్మమున నిలిచిన పదేండ్ల పిల్లకును ఆ పాటి మర్యాద జరుగవలెను. పిల్ల తన సంచి తాను మోయుట మంచిదే. తనను గూర్చిన చరిత్రనంతయు, రెండు బడుల నడుమను, రెండు భాషల నడుమను తానే మోయవలసివచ్చుట మాత్రము తగదు. ఆ బరువు పెద్దలది.